గీత దాటని గుండ్రాలు

బజారులో ఏ దుకాణం ముందు నిలబడి తలెత్తినా కనిపించేది ఆయన చేతిరాతే. మందుల షాపు, సైకిళ్ళ షాపు, పళ్ళ డాక్టరు, ఆఖరికి సందు చివరి గోడ మీద "ఇచ్చట చెత్త వేయరాదు" కూడా ఆయనే రాశాడు, అదీ అక్షరాలకు నీడలు వేసి మరీ. అందుకే అందరికీ బోర్డులాయన అయిపోయాడు. సొంత పేరు పెట్టి పిలిస్తే ఇంకెవరినో అనుకుని వెనక్కి కూడా తిరిగేవాడు కాదు.

చదువు నాలుగో తరగతి దగ్గర ఆగింది. పెద్ద మాటలు ఆయనకు చదవడం రాదు, గీయడం వచ్చు. చీటీ మీద ఏది రాసిస్తే అది అచ్చు గుద్దినట్టు దించేవాడు. ఒకసారి చీటీలోనే తప్పుంటే ఆ తప్పును కూడా రెండడుగుల ఎత్తున ముచ్చటగా రాసి, "తప్పు మీది, అక్షరం నాది. నా అక్షరంలో వంక ఉంటే చూపించండి" అని షాపువాడితోనే దెబ్బలాడాడు. పొగరు కాదండీ, పనిమీద గౌరవం. ఫ్లెక్సీ మిషన్లొచ్చి పని సగానికి సగం పడిపోయాక కూడా ఆ గౌరవం పడిపోలేదు. నీళ్ళ ట్యాంకు మీద నంబరు వేసినా సంతకం పెట్టినంత శ్రద్ధగా వేసేవాడు.

ఆయన భార్య మందుల కంపెనీలో సీసాలకు లేబుళ్ళు అంటించేది. ఒక్కగానొక్క కూతురు. సన్నగా, చలాకీగా ఉంటుందని పిచ్చుక అని పిలిచేవారు. ఆ పిల్లకు లెక్కలంటే ప్రాణం. ఐదో తరగతిలో ఉండగా వీధి బడిలో లెక్కల టీచరమ్మ తండ్రిని పిలిపించింది.

"మీ అమ్మాయి చేత ఎంట్రన్సు రాయించండి. అందులో నెగ్గితే పెద్ద బడిలో సీటు. హాస్టలు, పుస్తకాలు, లాబరేటరీ, అన్నీ వాళ్ళవే. పన్నెండో తరగతి దాకా మీరు చూసుకోనక్కర్లేదు. అయితే ఒక్కసారే రాయనిస్తారు. వయసు దాటితే మళ్ళీ ఉండదు" అంది.

బోర్డులాయనకు ఆ రోజునుంచి కాలు నిలవలేదు. ఆయన రంగు వేసిన ప్రతి తలుపు వెనకా ఎవరో చదువుకున్నవాళ్ళు కుర్చీలో కూర్చుని ఉండేవారు. తను మాత్రం ఎప్పుడూ నిచ్చెన మీద, బయటే. కూతురు ఆ తలుపులోపల కూర్చోవాలి. అంతకుమించి ఆయనకు కోరిక లేదు.

కానీ సాయం చేద్దామంటే ఏం చేస్తాడు? పిల్ల ముందు కూర్చుని లెక్కల పుస్తకం తెరిచాడు, మూశాడు. ట్యాంకుకు రెండు పంపులుంటే ఎన్ని గంటల్లో నిండుతుందని అడిగితే, "ఆ ట్యాంకుకు నేనే రంగేశాను, దానికున్నది ఒకటే పంపు" అన్నాడు. పిల్ల పడీ పడీ నవ్వింది.

"మీరు పక్కన కూర్చుంటే అది చదివినట్టే ఉంది" అంది భార్య లోపల్నుంచి. "వెళ్ళి బ్రష్షులు కడుక్కోండి."

అలాంటి సమయంలో బడి నుంచి సూచనల కాగితం వచ్చింది. పిల్ల చదివి వినిపించింది. జవాబులు రాయనక్కర్లేదు. నాలుగు గుండ్రాల్లో సరైనదాన్ని నల్లపెన్నుతో దిద్దాలి. పూర్తిగా దిద్దకపోయినా, గీత దాటినా యంత్రం చదవదు.

"ఏదీ, మళ్ళీ చదువు" అన్నాడు. మళ్ళీ చదివింది. ఆయన మొహం వెలిగిపోయింది. గీత దాటకుండా రంగు నింపడం! ముప్పై ఏళ్ళుగా చేస్తున్నదదే కదా! దేవుడు తనకోసమే ఈ పరీక్ష పెట్టించాడనుకున్నాడు పిచ్చి తండ్రి.

మర్నాటినుంచే పని మొదలైంది. బడివాళ్ళ దగ్గర అసలు జవాబు పత్రాలు లేవు. పెన్ను గొట్టం అంచును సిరాలో అద్ది, పాత కాగితాల వెనక గుండ్రాలు తనే అచ్చువేశాడు, పేజీకి నాలుగు వందలు, ఒక్కటి కూడా వరస తప్పకుండా. సాయంత్రం బడినుంచి రాగానే అరుగు మీద కూర్చోబెట్టి దిద్దించేవాడు.

"ముందు అంచు చుట్టూ తిప్పు. మెల్లగా. ఆ తర్వాత లోపల. చెయ్యి కాగితం మీద ఆన్చొద్దు, మరక పడుతుంది. తొందరపడితే రంగు మాట వినదురా తల్లీ."

దిద్దడం అయ్యాక భూతద్దం పట్టుకుని ఒక్కొక్కటే చూసేవాడు. "మూడో వరసలో ఏడోది చూడు, తెల్లగా నలక కనిపించడం లేదూ?" పిల్ల మళ్ళీ దిద్దేది. నెల తిరిగేసరికి ఆ గుండ్రాలు మిషన్ మీద గుద్దినట్టు వచ్చాయి. పిల్ల చేతిలో తన చెయ్యి చూసుకుని మురిసిపోయాడు. కాకిపిల్ల కాకికి ముద్దన్నట్టు కాదు, నిజంగానే అంత బాగుండేవి.

ఒకరోజు పిల్ల సందేహంగా అడిగింది. "నాన్నా, ఒక లెక్క చెయ్యగానే దాని గుండ్రం దిద్దెయ్యమంది టీచరమ్మ. ఎప్పటికప్పుడు."

"మీ టీచరమ్మ లెక్కల్లో గొప్పదే, కాదన్ను. రంగు సంగతి ఆవిడకేం తెలుసు?" అన్నాడు. "బోర్డు రాసేటప్పుడు నేనేం చేస్తాను? ముందు బోర్డంతా సుద్దతో గీసుకుంటాను. తప్పులేవైనా ఉంటే అక్కడే దిద్దుకుంటాను. అంతా సరిపోయాకే రంగు డబ్బా మూత తీస్తాను. ఒక అక్షరం గీసి దానికి రంగేసి, ఇంకోటి గీసి దానికి రంగేస్తే ఆ బోర్డు బోర్డులా ఉంటుందా? నువ్వూ అంతే. ముందు అన్నిటికీ ప్రశ్నల కాగితం మీద టిక్కు పెట్టుకో. ఆఖర్న కూర్చుని కుదురుగా దిద్దు. పెన్నుతో దిద్దితే చెరపడానికి ఉండదు మరి."

పిల్లకు టీచరమ్మ మాట ఒకవైపు, నాన్న మాట ఒకవైపు. "సరే నాన్నా" అంది.

లెక్కలు బడిలో, గుండ్రాలు ఇంట్లో. రెండూ కలిపి, గడియారం ముందు పెట్టి ఒక్కసారి, ఒకే ఒక్కసారి రాయించి ఉంటే ఈ కథ చెప్పుకునే పనే ఉండేది కాదు. ఎవరికీ తట్టలేదు. టీచరమ్మకు ఇంట్లో జరిగేది తెలియదు, ఆయనకు గంటకు ఎన్ని లెక్కలు చెయ్యాలో తెలియదు.

పరీక్ష రోజున గేటు బయట రెండు గంటలూ నిలబడే ఉన్నాడు. గంట కొట్టాక పిల్ల అందరికంటే వెనక వచ్చింది. వేళ్ళు నల్లగా ఉన్నాయి, మధ్యవేలు మీద పెన్ను నొక్కిన గుంట పడింది.

"ఎలా రాశావురా?"

"బాగానే రాశా నాన్నా."

"గుండ్రాలో?"

"నువ్వు చెప్పినట్టే" అని ముందుకు నడిచింది. అలిసిపోయిందనుకున్నాడు. జవాబు పత్రం నకలు ఇస్తారట కదా, అదేదని అడిగితే ఎక్కడో పడిపోయిందంది.

నాలుగు రోజులకు సరైన జవాబులు పేపర్లో వేశారు. అంకెలు ఆయనకు వచ్చు. ప్రశ్నల కాగితం మీద పిల్ల పెట్టిన టిక్కులతో తనే పోల్చి చూసుకున్నాడు. వందకు తొంభై మూడు! ఇంట్లో కాలు నిలుస్తుందా? పళ్ళ డాక్టరుకు చెప్పాడు, సైకిళ్ళ షాపువాడికి చెప్పాడు, హాస్టలుకని తెచ్చిన ట్రంకుపెట్టె మీద కూతురి పేరు పసుపు రంగుతో, ఎర్ర నీడతో రాశాడు. పిల్ల వచ్చి చూసి, "ఇంకా ఫలితాలు రాలేదు కదా నాన్నా" అని మెల్లగా లోపలికి వెళ్ళిపోయింది. తల్లికి అప్పుడే ఏదో అనుమానం తగిలింది. అడిగితే పిల్ల తల అడ్డంగా ఊపింది.

ఫలితాల్లో పిల్ల నంబరు లేదు. ఆయన మూడుసార్లు కిందినుంచి పైకి, పైనుంచి కిందికి వేలు పెట్టి చూశాడు. లేదు.

"మరి ఆ తొంభై మూడు?" అన్నాడు.

"ఆ టిక్కులు ఇంటికొచ్చాక పెట్టా నాన్నా" అంది పిల్ల నేల చూస్తూ. "అక్కడ నాకు రాలేదు. చివరివన్నీ రాలేదు." కంట నీటిచుక్క లేదు.

ఆయనకు కోపం వచ్చింది. కూతురి మీద కాదు, దాని మీద ఆయనకెప్పుడూ కోపం రాలేదు. తిన్నగా బడికి పోయి వరండాలో పదిమంది ముందు టీచరమ్మను పట్టుకున్నాడు. "ఏం చెప్పారమ్మా మీరు? ఏడాదంతా ఏం చెప్పారు? సగం పేపరు రాలేదంటోంది పిల్ల! నా పని నేను చేశాను, మీ పని మీరు చెయ్యలేదు!"

"ఆ పిల్లకు రాకపోవడమా?" అంది ఆవిడ తెల్లబోయి. "అర్జీ పెడితే జవాబు పత్రం చూపిస్తారు. ఒకసారి చూడండి. నాకూ తెలుసుకోవాలని ఉంది" అంది. అప్పటికే వీధిలో మాట పాకింది, బోర్డులాయన కూతురు ఉత్త డొల్ల అని, తండ్రివన్నీ గొప్పలేనని.

అర్జీ పెట్టిన రెండు నెలలకు పిలుపొచ్చింది. అప్పటికి వేసవి సెలవులై బడి తెరిచారు, పిల్ల అదే వీధి బడిలో ఆరో తరగతిలో కూర్చుంది. ఆయన ఒక్కడే పరీక్షల ఆఫీసుకు వెళ్ళాడు. గుమాస్తా కట్టలోంచి కాగితం లాగి బల్లమీద పెట్టాడు. పెట్టి తనూ ఒక క్షణం చూస్తుండిపోయాడు.

"పాతికేళ్ళ నుంచి ఈ సీట్లో ఉన్నానండీ. ఇంత అందంగా దిద్దిన కాగితం చూళ్ళేదు" అన్నాడు. "అరవై ఒకటి దిద్దింది. అందులో రెండే తప్పు. మిగతావన్నీ ఖాళీ. పాపం, టైము చాల్లేదేమో. ఎవరండీ ఇలా దిద్దడం నేర్పింది?"

అరవై ఒక్క గుండ్రాలు. అంచు చెదరలేదు, నలక లేదు. అరవై రెండోదానికి అంచు చుట్టూ తిప్పి ఉంది, లోపల నింపలేదు. గంట అక్కడ కొట్టి ఉంటారు. మిగతావి తెల్లగా, వరసగా.

"నేనే" అన్నాడు బోర్డులాయన.

ఆఫీసు మెట్ల మీద కూలబడ్డాడు. అన్నీ ముందు గీసుకుని ఆఖర్న రంగు. తొందరపడొద్దు. ఎవరన్నారు ఈ మాటలు? తనే. పిల్లకు అన్నీ వచ్చు. గడియారం ముల్లు తిరిగిపోతుంటే, పక్కవాళ్ళు పెన్నులు మూసేస్తుంటే, అయ్యో, నాన్న చెప్పాడని ఒక్కొక్క గుండ్రం అంచు చుట్టూ తిప్పుకుంటూ కూర్చుందే! చేతులారా చేశాను కదా, నా చేతులారా, అని ఆ రంగుచేతులను మోకాళ్ళకేసి కొట్టుకున్నాడు. దారినపోయేవాళ్ళు ఆగి చూశారు. ఎవరు చూస్తే ఏం?

అక్కడినుంచి ఇంటికి పోలేదు, బడికి పోయాడు. ఆరో తరగతి గదిలో టీచరమ్మ లెక్క వేయిస్తోంది. గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి, ఎవరూ పిలవకుండానే లోపలికి వచ్చాడు.

"అమ్మా, ఆవేళ పదిమందిలో మిమ్మల్ని అన్నాను. అందుకే పదిమందిలో చెబుతున్నాను. తప్పు మీది కాదు. నా పిల్లదీ కాదు. దానికి అన్నీ వచ్చు. తొంభై మూడూ అక్కడ పెట్టినవే. దిద్దడానికి టైము లేకుండా చేసింది నేను. మీరు ఎప్పటికప్పుడు దిద్దమంటే నేను వద్దన్నాను. ఒరేయ్ పిల్లలూ, మీ ఇళ్ళల్లో కూడా చెప్పండి. బోర్డులాయన కూతురు డొల్ల కాదు, బోర్డులాయనే తెలివితక్కువవాడు."

"కూర్చోండి ముందు" అని టీచరమ్మ తన కుర్చీ జరిపింది. ఆయన కూర్చోలేదు.

మూడో బల్లలోంచి పిచ్చుక లేచి వచ్చింది. ఫలితాల రోజున ఏడవని పిల్ల, వీధిలో డొల్ల అంటే తల వంచుకుని పోయిన పిల్ల, అందరి ముందూ తండ్రి చొక్కా పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"నేను ఎవరికీ చెప్పలేదు కదా నాన్నా. అమ్మక్కూడా చెప్పలేదు. నువ్వెందుకు చెప్పేశావు? ఇప్పుడు అందరూ నిన్నంటారు."