పెనాంగులో మా అమ్మకి వేసిన చాప

దెయ్యాలంటే నాకు నవ్వొస్తుంది. కొల్లేటి మధ్య లంకలో పుట్టి, చీకట్లో దోనె మీద ఒంటరిగా తిరిగినవాణ్ణి. ఓడ ఇంజను గదిలో ఫిట్టరుగా చేసినవాణ్ణి. కంటికి కనబడితేనే నమ్మే రకం. ఇది చదివి ముసలాడికి మతి పోయిందనుకునేవాళ్ళు అనుకోవచ్చు, నాకేం నష్టం లేదు.

ముందు మా అమ్మ సంగతి చెప్పాలి. ఏలూరు బజారులో గంప పెట్టుకుని చేపలమ్మేది. నా చిన్నప్పుడు పెంటపాడులో ఒక మిల్లు ఆసామి ఇంట్లో పెళ్ళి విందుకి చేపలు కావాలంటే, తనే మోసుకెళ్ళి, తోమి, కోసి ఇచ్చింది. పొద్దుటినుంచీ అదే పని. భోజనాల వేళకి మమ్మల్ని గొడ్ల చావిడి పక్కన కూర్చోబెట్టి, పైనుంచి ఆకుల్లో పడేశారు. మా కులం వాళ్ళకి అప్పట్లో అంతే మర్యాద. నేను తినేశాను. అమ్మ ముట్టలేదు.

ఇంటికొచ్చి అందరి ముందూ ఒట్టేసింది. తన కొడుకుని, అంటే నన్ను, ఎవరైనా నట్టింట్లో, తమ సరసన కూర్చోబెట్టి అన్నం పెట్టేదాకా బొచ్చె చేప తలకాయ తిననంది. మా వైపు మొక్కుకుంటే ఇష్టమైన తిండి వదిలేస్తారు. తలకాయ పులుసంటే అమ్మకి ప్రాణం.

"పోనీలేవే అక్కా, నీ వాటా కూడా నేనే తింటాలే" అని పిన్ని వెక్కిరించేది. ఏళ్ళు గడిచాయి గానీ అమ్మ మాట తప్పలేదు. పంతమంటే మా అమ్మదే.

యాభైల్లో మద్రాసు నుంచి సింగపూరు వెళ్ళే ప్రయాణికుల ఓడలో నాకు ఉద్యోగం దొరికింది. ఒక దసరా మర్నాడు ఓడ దారిలో మలయా దేశపు పెనాంగు రేవులో ఆగింది. సరుకు దించే యంత్రం మొరాయిస్తే నేనే బాగుచేశాను. రేవులో పనిచేసే ఒక మలయా పెద్దాయన అది చూసి ముచ్చటపడి, సాయంత్రం భోజనానికి రమ్మన్నాడు. ఇద్దరం మాట్లాడుకున్నది వచ్చీరాని తమిళంలోనే.

కర్ర స్తంభాల మీద కట్టిన ఇల్లు. మెట్ల దగ్గరే ఆగిపోయాను, అలవాటు అలాంటిది. ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళి, నట్టింట్లో చాప మీద తన పక్కనే కూర్చోబెట్టాడు. కొడుకులూ కోడళ్ళూ చుట్టూ కూర్చున్నారు. ఆయన భార్య మొదటి వడ్డన నాకే వేసింది. అన్నం, కొబ్బరిపాలు పోసి వండిన చేపల కూర. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. కారం ఎక్కువైందనుకుని ఆవిడ కంగారుపడింది.

అంతలో ఆవిడ నా వెనక్కి చూసి ఏదో అంది. లేచెళ్ళి చిన్న చాపొకటి తెచ్చి నా పక్కన పరిచింది. కంచం పెట్టి అన్నం వడ్డించింది. పెద్దాయన కసిరాడు. ఆవిడా గట్టిగానే జవాబిచ్చింది. ఏమిటని అడిగితే ఆయన మొహమాటపడుతూ చెప్పాడు.

"మీ అమ్మని అలా నిలబెట్టావేమిటని అడుగుతోంది. తడిసిన చీర, మోచేతి కింద తేలు పచ్చబొట్టు. నీ వెనకాలే ఉందట."

తిరిగి చూశాను. గోడ తప్ప ఏమీ లేదు. కానీ మా అమ్మ మోచేతి కింద ఉన్నది తేలు పచ్చబొట్టే! నా దగ్గర అమ్మ ఫోటో లేదు. అమ్మ గురించి అక్కడెవరికీ చెప్పనూ లేదు. అమ్మకేమన్నా అయిందేమో అనిపించింది.

సెలవు దొరకగానే ఇంటికి పరుగెత్తాను. అమ్మ నిక్షేపంలా ఉంది, గట్టు మీద గంప కడుక్కుంటోంది. నేను నోరు తెరిచేలోపే పిన్ని అందుకుంది.

"ఒరేయ్ అబ్బాయ్, మీ అమ్మ ఒట్టు తీసి గట్టు మీద పెట్టేసిందిరా!"

దసరా మర్నాడు, ఇంకా బారెడు పొద్దుండగానే జరిగిందట. పెనాంగులో మనకంటే ముందే పొద్దు గూకుతుంది. చేపలు కడుగుతున్న అమ్మ ఉన్నట్టుండి ఆగిపోయిందట. ఎంత పిలిచినా కాసేపు పలకలేదట. తర్వాత లేచి, "మావాణ్ణి నట్టింట్లో కూర్చోబెట్టారు" అని తలకాయ పులుసు పెట్టి, వాడంతటినీ పిలిచి అందరి ఎదుటా తిన్నదట. వాడలో ఎవరిని అడిగినా అదే చెప్పారు. నేను ఎవరికీ కబురు పంపలేదు.

"నువ్వెలా వచ్చావే అక్కడికి?" అని అడిగాను.

"ఏమోరా. నిన్ను చూసి వచ్చేద్దామనుకున్నా. ఆవిడ చాపేసింది. అంత మర్యాదగా పిలిస్తే కూర్చోకుండా ఎలా వచ్చేస్తాను?"

చాప సంగతి నేనింకా చెప్పనే లేదు.

తెలిసిన డాక్టరుగారొకాయన ఇది కాకతాళీయం అన్నారు. అలాగే కానివ్వండి. అమ్మ నాకోసం ఒట్టేసుకుంది గానీ, తననీ ఒకరు కూర్చోబెట్టాలని జన్మలో అడగలేదు. సముద్రం అవతల, మన భాష ముక్క రాని ఒక ఇల్లాలు అడక్కుండానే కూర్చోబెట్టింది. తలుచుకుంటే నాకు భయం వెయ్యదు, ఛాతీ పొంగుతుంది. ఎలా జరిగిందో మాత్రం నన్నడక్కండి, నాకు తెలియదు. మా అమ్మ అక్కడ కూర్చుంది, అంతే.