బతుకమ్మ లోపలి బకెట్టు

ఇన్నేళ్లుగా నా గుండెల మీద ఒక బకెట్టు కూర్చుని ఉంది. నవ్వకండి. నీలం రంగు ప్లాస్టిక్ బకెట్టు. ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. మీరు మా గల్లీ వాళ్లు కారు కాబట్టి మీకు చెప్తున్నాను.

మాది కామారెడ్డిలో వాగు పక్క గల్లీ. సద్దుల బతుకమ్మ రోజు ఎవరి బతుకమ్మ ఎత్తుగా ఉంటే వాళ్లదే ఆ ఏడాదంతా పైచేయి. ఆ ఏడు తంగేడు సరిగ్గా దొరకలేదు. లోపల నింపడానికి ఆకులు తరిగే ఓపికా లేదు. అందుకని తాంబాలంలో బకెట్టు బోర్లించి, దాని చుట్టూ గునుగు, బంతి, ఉన్న కాస్త తంగేడు పేర్చాను. అబ్బ, ఏం బతుకమ్మ అది! నడుము దాటింది. అందరూ దాని పక్కన నిలబడి ఫోటోలు దిగారు. ఎదురింటి వదిన ముఖం మాడిపోయింది, నేను పొంగిపోయాను.

వాగుకు బయలుదేరాక గుర్తొచ్చింది. నీళ్లలో వదిలితే పూలు విడిపోతాయి, బకెట్టు తేలుతుంది. అంతమంది ఆడవాళ్ల ముందు బకెట్టు తేలుతుంది! కాలు మెలిక పడిందని వెనకబడ్డాను. గల్లీ మురుగు పోయే మోరి మీద బండ జరిగి ఉన్నచోట, ఎవరూ చూడకుండా, మొత్తం అందులోకి జార్చేశాను. పసుపు గౌరమ్మను మాత్రం ముందే తీసి కొంగులో కట్టుకున్నాను, అంత పాపిష్టిదాన్ని కాదు. మోరి నీళ్లు కూడా చివరికి వాగులోకే కదా పోయేది? అప్పుడు నాకు అదే శాస్త్రం. అడిగినవాళ్లకు, కాలు నొప్పికి నడవలేక దగ్గర్లోనే నీళ్లలో వదిలేశానన్నాను.

బకెట్టు వాగుదాకా పోలేదు. బండల కింద ఇరుక్కుంది. వారం తిరగకుండా మోరి పొంగి గడపల దాకా వచ్చింది. ఆ కంపుకు ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయాం. గల్లీ చివర ఒక గది కిరాయికి తీసుకుని ఎండుచేపలు అమ్ముకునే సాయవ్వ ఉండేది, ఒంటరి ముసలామె. "గీ వాసన చాపలదే" అన్నారెవరో. ఇక అందరి ముక్కులకూ చేపలే తగిలాయి. నా ముక్కుకు నిజం తెలుసు. అయినా కొంగు అడ్డం పెట్టుకున్నవాళ్లలో నేనే ముందు.

మున్సిపాలిటీ వాళ్లు వచ్చి బకెట్టు బయటికి లాగారు. ఎవరిది, ఎవరిది అని ఒకటే లొల్లి. నా నోరు ఊరుకుందా? "సాయవ్వ చాపలు కడిగే బకెట్ లెక్కనే ఉన్నది" అన్నాను. ఎవరూ అడగలేదు, నేనే అన్నాను. ఎందుకన్నాను? పరువు పోతుందని. ఏం పరువు? ఎత్తు బతుకమ్మ పరువు! దానికోసం ఒక మనిషికి నిలువ నీడ లేకుండా చేస్తానని ఆ క్షణంలో తోచలేదంటే మీరు నమ్ముతారా? నాకే నమ్మకం లేదు. ఇంటి ఓనరు ఆమెను ఖాళీ చేయమన్నాడు. ఆమె సామాను ఆటోలో వేసుకుని ఎల్లారెడ్డి పోయింది. ఆ బకెట్టు కూడా ఎక్కించుకుంది. "నాదే అంటిరి గదా" అని మాత్రం అంది.

మొన్న చుట్టాల పెళ్లికి ఎల్లారెడ్డి పోయినప్పుడు అంగట్లో సాయవ్వ కనిపించింది. చెప్పేద్దామనే దగ్గరికి పోయాను, ఒట్టు.

"బాగున్నవా బిడ్డా? కాలు నయమైందా?" అంది.

"అయింది అవ్వా. నీ బేరం ఎట్లున్నది?"

"ఏదో నడుస్తది. ఇల్లు దొరుకుడే కష్టమైంది. చాపలోళ్లకు ఎవ్వలిస్తరు?" అంటూ పక్కనే చేపలతో నిండిన నీలం బకెట్టును తట్టింది. "గిదొక్కటి మంచిగ అక్కరకొచ్చింది. ఎవ్వలదో గని పాపం, అడిగితె ఇచ్చేద్దును. ఎవ్వలు అడగకపాయె."

నోరు తెరిచాను. "అరకిలో కట్టియ్యి అవ్వా" అన్నాను. మా ఇంట్లో ఎండుచేపలు ఎవరూ ముట్టరు. కామారెడ్డి దాకా బస్సులో అందరూ కొంగులు, రుమాళ్లు అడ్డం పెట్టుకుని నన్నే చూశారు. చూడనీ అనుకున్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సింది మీరు కాదు, ఆమె గది ఆమెకు తిరిగి రాదు. అక్కడ రాని మాట ఇక్కడన్నా నోరారా అననివ్వండి.

ఆ బకెట్టు నాది.