ఉపన్యాసాల గోడ

కాశీరావుది బందరు వైపు చేపలు పట్టుకునే కుటుంబం. వేట మీద మనసు లేక బెజవాడ వచ్చి, గవర్నర్‌పేటలో ఒక లాడ్జి మెట్ల కింద బోర్డులు రాసే పని పెట్టుకున్నాడు. భార్య పేరమ్మ వన్ టౌన్‌లో ఎండుచేపలు అమ్మేది. నేను లైబ్రేరియన్‌గా ఉన్న ఇంజనీరింగ్ కాలేజీ గోడల మీద రాతలన్నీ అతనివే. పార్టీలవాళ్ళూ, సబ్బుల కంపెనీలూ, విద్యార్థి సంఘాలూ అతని చేతి రాత కోసం వెతుక్కుంటూ వచ్చేవారు.

ఆ రోజుల్లో గోడలకు ఒక కట్టుబాటు ఉండేది. సున్నం కొట్టించి, మూలన తమ పేరూ సంవత్సరమూ వేయించుకున్నవాళ్ళదే ఆ గోడ. ఇంకొకరు దాన్ని ముట్టుకోకూడదు. మా గేటు పక్క పొట్టి గోడకి కోటి అనేవాడి విద్యార్థి సంఘం పేరు, 96 అంకె వేసింది కూడా కాశీరావే. కోటి ఉయ్యూరు కుర్రాడు, మెకానికల్ చదువుతూ సంఘాన్ని నడిపేవాడు.

తొంభై ఏడు ఫిబ్రవరిలో యూనివర్సిటీ తరఫున మా కాలేజీలో ఉపన్యాసాలు పెట్టారు. తుపానుకి నిలిచే కట్టడాల మీద ఒకటి, ఉపగ్రహం నుంచి కనిపించే డెల్టా మీద ఒకటి, చక్కెర ఫ్యాక్టరీ మురుగునీటి మీద ఒకటి. ఆ బాధ్యత లెక్చరర్ జానకిరామ్ గారిది. రోడ్డున పోయేవాళ్ళకి కూడా కనబడేట్టు గేటు పక్కన రాయమన్నారాయన. కాశీరావు మూలన అంకె చూసుకున్నాడు. పార్టీల లెక్కలో డిసెంబరుతో గోడ ఖాళీ. ఆ లెక్కతోనే సున్నం కొట్టేశాడు. కాలేజీలో ఏడాది జూన్‌లో మొదలై వేసవి దాకా సాగుతుందని అతనికి తట్టలేదు.

నేల మీద కూర్చుని రెండో ఉపన్యాసం రాస్తుండగా స్కూటర్లు వచ్చి ఆగాయి. ఆ మీదట జరిగింది వాచ్‌మన్ అబ్రహాము కళ్ళారా చూసి నాకు చెప్పాడు.

"ఎవణ్ణడిగి చెరిపావురా?" అన్నాడు కోటి.

"తొంభై ఆరు అయిపోయింది గదా బాబూ!"

"మా ఏడాది ఇంకా ఉంది. సంఘం ఎలక్షన్లు వచ్చే నెల. తుడువు."

"సార్‌ని ఒక్కమాట అడిగి తుడుస్తానండీ."

"సారంటే భయం, నేనంటే లేదా?"

సైకిల్ చైను వీపు మీద పడింది. చొక్కాతో పాటు చర్మమూ చీలింది. కాశీరావు పాకుతూ గేటు వైపు పోబోతే ఇద్దరు కాళ్ళు పట్టి వెనక్కి ఈడ్చారు. కుడిచెయ్యి రాతిగట్టు మీద చాపించి తొక్కిపట్టారు. కోటి హాకీ కర్రతో కొట్టాడు. వేళ్ళు విరిగినా ఆపలేదు. మణికట్టు కూడా పోయాక, అదే రక్తపు చెయ్యి పట్టుకుని గోడ మీది అక్షరాల్ని తుడిపించారు.

ఆస్పత్రికి జానకిరామ్ గారూ, ఒక ఎస్సైగారూ కలిసి వచ్చారు.

"కేసయితే యూనివర్సిటీవాళ్ళు ఉపన్యాసాలు రద్దు చేసుకుంటారు కాశీరావ్," అన్నారు జానకిరామ్ గారు. " ఎక్కడెక్కడి నుంచో సైంటిస్టులు వస్తున్నారు. నిచ్చెన మీంచి పడ్డావని చెప్పు, ఖర్చంతా నేను చూసుకుంటా."

"నిచ్చెనెక్కడిదండీ?" పేరమ్మ లేచింది. "నడుమెత్తు గోడకి నిచ్చెనేసేది మీరెక్కడన్నా చూశారా?"

"నువ్వూరుకోమ్మా," అన్నాడు ఎస్సై. మత్తుమందు ఇంకా దిగని కాశీరావు ఎడమ బొటనవేలు పట్టుకుని, నిచ్చెన మీంచి పడ్డాడని రాసిన కాగితం మీద నొక్కించుకున్నాడు.

ఉపన్యాసాలు జరిగాయి. తుపాను గురించి చెప్పినాయన చాలా చక్కగా చెప్పారు. వెనక వరసల్లో పోలీసులు కూర్చున్నారు.

కాశీరావుకి రెండు వేళ్ళు మళ్ళీ వంగలేదు. అంతకన్నా పడ్డాడన్న మాటే అతన్ని కాల్చింది. "మందేసి ఎక్కావా ఏంటి?" అనేవాళ్ళు బోర్డులు రాయించుకునేవాళ్ళు. "పడలేదండీ, కొట్టారు," అంటే, "పోలీసు కాగితంలో అట్టా లేదంటగా," అని నవ్వేవాళ్ళు. ఎత్తు మీద పని ఇవ్వడం మానేశారు.

జూన్‌లో కోటి మళ్ళీ వచ్చాడు, పరీక్ష తప్పి. కాశీరావు అప్పుడు మా గేటు ముందు కొట్టు గోడకి సున్నం కలుపుతున్నాడు.

"కాశీరావు గారూ, ఈసారి 97-98 అని రెండు సంవత్సరాలూ వెయ్యండి, గొడవుండదు. పైకెక్కమాకండి, మళ్ళీ పడతారు!"

పక్కనున్నవాళ్ళు పడీపడీ నవ్వారు. కాశీరావు బకెట్టెత్తి కోటి మొహాన కుమ్మరించాడు. కళ్ళు మూసుకుని కేకలు పెడుతున్నవాణ్ణి ఖాళీ బకెట్టుతో నెత్తి మీద బాదాడు. కిందపడితే మీద కూర్చుని, ఆ వంకర చేత్తోనే మొహం మీద గుద్దాడు. సున్నంలో రక్తం కలిసి గులాబీరంగు తేలింది. నలుగురు కలిసి లాగినా వదల్లేదు. కోటికి ఎడమకన్ను పోయింది.

కోర్టులో కోటి తరఫువాళ్ళు విచిత్రంగా మాట మార్చారు. కేసు నడిస్తే హాకీ కర్ర సంగతీ బయటికొస్తుందని వాళ్ళ భయం. "కాలు జారి సున్నంలో పడ్డానండీ," అన్నాడు కోటి. కాశీరావు వకీలు మొహం వెలిగింది. వెనక బల్ల మీంచి పేరమ్మ, "నోరెత్తమాకయ్యా," అని గొణిగింది.

కాశీరావు బోనులో నిలబడి కుడిచెయ్యి పైకెత్తాడు.

"ఆయన పడలేదండీ. నేనే పోశా, నేనే కొట్టా. నేనూ పడలేదు. ఇది ఆయన ఇరగ్గొట్టింది. నన్ను ఏంచేసినా సరే, ఈ రెండూ రాసుకోండయ్యా."

మేజిస్ట్రేటుగారు కాసేపు ఆ చెయ్యి వంక చూసి, రాసుకున్నారు.

కాశీరావుకి రెండేళ్ళు పడింది. చెయ్యి విషయంలో కోటి మీదా కేసు పెట్టమన్నారు. కానిస్టేబుళ్ళు నడిపించుకు పోతుంటే పేరమ్మ బస్టాండు దాకా వెంటపడి తిట్టింది: "వాడు వదిలేస్తానంటే నీకేం పుట్టిందయ్యా మాయరోగం! రెండేళ్ళు నన్ను గంప మోసుకు బతకమంటావా?"

కాశీరావు తల వంచుకుని, ఆ తిట్లకి నవ్వుతూ నడిచాడు.