గేదె కోసం నాన్నకు పట్టించిన మౌనవ్రతం

మా అమ్మ చనిపోయిన వేసవిలో, శాస్త్రం పేరిట నేను మా కొంపకు తెచ్చిన ఉపద్రవం చెబుతాను. నష్టం మరీ పెద్దదేమీ కాదు. ఒక గేదె, ఒక తండ్రి ఎండిపోబోయారు, అంతే.

అప్పుడు నేను పశువైద్య కళాశాలలో రెండో ఏడు. అంటే, తెలియనిది లేని వయసు. గురజాల దగ్గర మా ఊరికి వచ్చేసరికి అమ్మ పెంచిన గేదె చేపడం మానేసింది. పొదుగు నిండుగా ఉంది, దూడ కుమ్ముతోంది, చుక్క దిగదు.

నాన్న ఆరిపోయిన చుట్ట కొరుకుతూ, "వినుకొండ గొడ్ల బేరగాడికి తోలేస్తాన్రా. దాన్ని చూస్తంటే మీ అమ్మే గుర్తొస్తంది" అన్నాడు.

అమ్మ చేతిది ఇంట్లో మిగిలింది అదొక్కటే. అందుకని విజృంభించాను. దాణాలో పత్తిగింజలు పెంచాను. పల్నాటి ఎండకు మేత ముట్టదేమోనని వీపు మీద తడిగోతాలు కప్పాను. ఫలితం లేదు. చివరికి రోగం తేల్చాను.

"మెదడు నుంచి ఒక హార్మోను వస్తేనే పాలు దిగుతాయి నాన్నా. బెదిరితే అది రాదు. ఇక గొడ్ల చావిట్లో ఎవరూ నోరెత్తకూడదు."

"నేను గూడానా?"

"ముఖ్యంగా నువ్వు."

పరామర్శకొచ్చిన పక్కింటి సుబ్బమ్మత్తను వాకిట్లోంచే పంపేశాను. శ్మశానం మాకంటే నయం, అక్కడ కాకులైనా అరుస్తాయి. గేదె ఇంకా బిగదీసుకుంది. నాన్న అన్నం తగ్గించాడు. బేరగాడు రేపొస్తానని కబురంపాడు.

మర్నాడు తెల్లవారుతుండగా ఆఖరి ప్రయత్నంగా చెంబు పట్టుకుని కూర్చున్నాను. నాన్న పరధ్యానంగా వచ్చి, నానబెట్టిన పత్తిగింజల బాల్చీని తన్నాడు. నా ఒళ్ళంతా పత్తిగింజలే. పుట్టినప్పటి నుంచీ వింటున్న మాట నా నోట్లోంచి ఊడిపడింది.

"ఏమయ్యా, నీ చుట్ట తగలెయ్య, కళ్ళు యాడ పెట్టుకున్నవ్?"

చెంబులో సర్రున పాలు పడ్డాయి.

నాన్న బాల్చీ ఎత్తలేదు. "రోజూ పాలు పితికేప్పుడు ఇట్నే తిట్టేదిరా మీ అమ్మ" అన్నాడు. "ఆపొద్దు. ఇంకా చానా ఉండయ్."

గేదెకు ఇన్నేళ్ళూ పట్టిన మందు అదన్నమాట. నేను నిషేధించింది సరిగ్గా దాన్నే.

బేరగాడు ఉత్త పలుపుతాడుతో తిరిగిపోయాడు. సెలవులు అయ్యేదాకా రోజూ కన్నతండ్రిని తిట్టి పాలు పితికాను. ఆయన పక్కనుండి దిద్దేవాడు. "మీ అమ్మయితే ఈడ మా అక్కను గూడా కలిపేది." నేను కాలేజీకి వెళ్ళాక ఆ పని సుబ్బమ్మత్త తీసుకుంది. ఆమెకు శిక్షణ అవసరం పడలేదు.

మరుసటి వేసవికి గేదె వట్టిపోయింది. అయినా నేను దిగిన మర్నాడు తెల్లవారేసరికి నాన్న చావిట్లో నిలబడి ఉన్నాడు.

"పాలు లేవుగా నాన్నా?"

"తెలుసులేరా. ఊరికే తిట్టు."

కోటప్పకొండ స్వామి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చావు జరిగిన ఇంట్లో నోరు మూసుకోమని, గొడ్డు పేరు చెప్పి కూడా, ఈ జన్మలో మళ్ళీ ఎవరికీ చెప్పను.