మెరుపు పెట్టని దారి

జెద్దాలో మా పని ఇంట్లో మగవాళ్లు బయటికి వెళ్లాక మొదలవుతుంది. పొద్దున్నే వ్యాన్ మమ్మల్ని గేటు దగ్గర దించుతుంది. డ్రైవరు పాలిష్ మిషన్‌ను లోపలి గుమ్మం దాకా తోసి, తల తిప్పుకుని వెళ్లి వ్యాన్‌లో కూర్చుంటాడు. తలుపు మూసుకుంటుంది. సాయంత్రం దాకా ఆ ఇంటి నేల మాది.

మాది అంటే నాదీ, నాతో పనిచేసే అక్కదీ. ఆమెది హైదరాబాద్, ఇక్కడ ఉండేది షరఫియా పేటలో. అరబ్బీ, ఉర్దూ, తెలుగు మూడూ గడగడా మాట్లాడుతుంది. ఇంటివాళ్లతో మాటలన్నీ ఆమెవి, రాయి నాది. ఎవరూ అనుకుని పెట్టుకున్న ఏర్పాటు కాదు, అలా కుదిరింది.

మా నాన్న బేతంచెర్లలో నాపరాళ్లు పాలిష్ చేసే యూనిట్లో చాలాకాలం పనిచేసి, ఇక్కడికొచ్చి ఒక చిన్న కంపెనీలో సూపర్‌వైజరయ్యాడు. డిగ్రీ అయ్యాక నేనూ అమ్మా ఆయన దగ్గరికి వచ్చేశాం. ఇక్కడ చాలా ఇళ్లలో పగలు ఆడవాళ్లే ఉంటారు. మగ పనివాళ్లు లోపలికి రావాలంటే ఇంటాయన సెలవు పెట్టి కూర్చోవాలి. ఆడవాళ్లుంటే పంపండి అని అడిగేవాళ్లు ఎక్కువయ్యేసరికి, నాన్న నాతో ఒక్క మాటైనా అనకుండా నా సంగతి కంపెనీలో చెప్పేశాడు. కొత్తవాళ్లు కనబడితే గదిలోకి వెళ్లి పుస్తకం పట్టుకునే పిల్లని ఊరి ఇళ్లన్నీ తిప్పుతావా అని అమ్మ గొడవపడింది. మిషన్ తిరిగేటప్పుడు ఎవరూ మాట్లాడరులే అన్నాడు నాన్న. ఆ మాట నిజమే. పని నాకు త్వరగా వచ్చింది, పైగా నచ్చింది.

ఇక్కడ రాతి నేలకి మొదటి శత్రువు ఇసుక. తలుపులన్నీ బిగించినా కంటికి కనబడనంత సన్నగా లోపలికొచ్చి పరుచుకుంటుంది. దాని మీద తడిగుడ్డ వేశారంటే రాయిని గరుకు కాగితంతో రుద్దినట్టే. ముందు పొడి మాపు, తర్వాతే తడి అని ప్రతి ఇంట్లోనూ చెప్పిస్తాం. గుమ్మం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, చెంప నేలకి దగ్గరగా పెట్టి కిటికీ వెలుతురు వైపు చూస్తే ఆ నేల మీద ఇన్నేళ్లూ ఏం జరిగిందో నాకు తెలిసిపోతుంది. సోఫా ఎటు లాగారో, పిల్లలు ఏ మూల ఆడారో, సాంబ్రాణి నిప్పు ఎక్కడ పడిందో. నాకు వచ్చిన విద్యల్లో దీన్ని నేను ఎవరి ముందైనా ధైర్యంగా నాది అని చెప్పుకుంటాను.

నేను చెప్పబోయే ఇల్లు ఊరికి తూర్పున, ఇసుక గాలి ముందుగా తగిలే వైపు ఉంది. ఇంటావిడ టీచరు. ఆమె తల్లి కూడా అక్కడే ఉంటుంది. హజ్ చేసొచ్చిన మనిషి కాబట్టి అందరూ ఆ పెద్దావిడని హజ్జా అనేవారు, మేమూ అలాగే పిలిచాం. రంజాన్ రాబోతోంది, చుట్టాలు వస్తారు, ఈలోగా హాలు అద్దంలా కావాలని మేడమ్ కోరిక. ఆ తెల్ల పాలరాయి వాళ్ల నాన్న దగ్గరుండి వేయించింది. చిన్నప్పుడు ఆ నేలలో ముఖం చూసుకుని జడ వేసుకునేదాన్నని ఆమె మా అక్కతో చెప్పింది. ఆ నాన్న ఇప్పుడు లేరు. నేలకి ఆ మెరుపు మళ్లీ వస్తుందా అని అడిగింది. వస్తుందని అక్క నన్ను అడక్కుండానే మాటిచ్చేసింది. నిజంగానే వస్తుంది కాబట్టి నేనూ ఊరుకున్నాను.

నేను యథాప్రకారం గుమ్మంలో కూర్చుని వంగి చూశాను.

“ఏందే గట్ల చూస్తున్నవ్, కమ్మలేమన్న పోగొట్టుకున్నవా?” అంది అక్క.

“ఆడ చూడక్కా. పట్టీ మాదిరి పోయింది.”

హాలంతా ఇసుక గీతలు. అది మామూలే. కానీ పెద్దావిడ గది తలుపు నుంచి హాలు మధ్యగా నమాజు చేసుకునే మూల దాకా, అక్కడ మలుపు తిరిగి వంటగది దాకా, ఒక మాపు వెడల్పున రాయి తెల్లగా పాలిపోయి ఉంది. వేలితో రాస్తే సుద్దలా గరగరలాడింది. ఇసుక చేసిన పని కాదది. పులుపు తిన్న రాయి అలా ఉంటుంది.

ఆ ఇంట్లో పనిచేసేది గోదావరి జిల్లా ఆవిడ. మా తెలుగు వినగానే వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఇక్కడేం పెట్టి తుడుస్తారని నేనే అడిగాను. తెలుగులో అయితే నాకు అంత బెరుకుండదు.

“కొబ్బరి నూనండీ,” అంది. “పెద్దావిడకి రోజూ మోకాళ్లకీ పాదాలకీ రాత్తానండి. ఆ కాళ్లతోనే నడిచేత్తారు. నూనె అంటుద్ది కదండీ, జారతారని నిమ్మచెక్కెట్టి రుద్ది తుడిచేత్తాను. మా ఇంటికాడ ఇత్తడి సామాను అలాగే తోంతాం, తళతళలాడిపోద్ది.”

ఇత్తడికి నిమ్మకాయ మంచిదే గాని పాలరాయిని అది తినేస్తుందని చెప్పాను. ఆవిడ రెండు చేతులూ చెంపలకి పెట్టుకుంది.

“అంటే ఇన్నేళ్లూ నేనే తినేశానా అండీ?”

“నువ్వు గాదమ్మా, నీ నిమ్మకాయ తిన్నది,” అంది అక్క. “నువ్వు వడ్డించినవ్ గంతే.”

మేడమ్‌కి చెబితే ఆమె కూడా నవ్వేసింది. వారం వారం ఆ నిమ్మకాయల సంచి కొనుక్కొచ్చేది తనేనట.

మొదటిరోజు నమాజు మూల దగ్గర కొంతమేర చేశాం. మిషన్‌కి గరుకు ప్యాడ్ తగిలించి మొదలుపెట్టి ఒక్కో ప్యాడ్ మారుస్తూ సన్నదనానికి వెళ్లి, చివర పౌడర్‌తో మెరుపు ఎక్కించాం. తెల్లటి బురద నీళ్లు లాగేసి గుడ్డతో తుడిచేసరికి పైన దీపాల గుత్తి కింద కూడా వేలాడింది. మేడమ్ వంగి తన ముఖం చూసుకుని జుట్టు సర్దుకుంది.

అప్పుడే పెద్దావిడ నమాజుకని గదిలోంచి వచ్చింది. చూపు చాలా తగ్గిందనీ, వెలుగూ నీడా తప్ప తెలియదనీ గోదావరి ఆవిడ ముందే చెప్పింది. అయినా చేతికర్ర లేదు, గోడ పట్టుకోలేదు. చెప్పులు లేకుండా, మెడ నిటారుగా పెట్టి, ఏదో పని మీద వెళ్తున్న మనిషిలా నడిచింది. మేం చేసిన చోటి అంచు దగ్గరికి రాగానే టక్కున ఆగింది. ఒక పాదం ముందుకు చాపి రాతికి ఆనించి, మళ్లీ వెనక్కి తీసుకుంది. ఇక్కడ నీళ్లు పోశారా అని అడిగింది. లేదు, పొడిగానే ఉందమ్మా అని కూతురు చెయ్యి పట్టుకోబోయింది. ఆవిడ ఆ చెయ్యి తోసేసి వెనక్కి తిరిగి గదిలోకి వెళ్లిపోయింది. అలవాటు లేక అలా చేసింది, రెండు రోజుల్లో సర్దుకుంటుందని మేడమ్ అంది.

మర్నాడు మేం వెళ్లేసరికి పెద్దావిడ మంచం మీదే ఉంది. నమాజు కూడా అక్కడే కుర్చీలో చేసుకుందట.

“చెయ్యట్టుకుని తీసుకెళ్తానంటే ఒప్పుకోరండి,” అని గోదావరి ఆవిడ గొంతు తగ్గించి చెప్పింది. “పట్టుకుని నడిపిత్తే నేను పోయినట్టే అంటారు. మొన్నటిదాకా వంటింట్లోకి ఆవిడే వచ్చి, గహ్వా కాఫీలో యాలకులు ఎక్కువేశావని తిట్టి పోయేవారు. నిన్నట్నుంచి తిట్టే లేదండి.”

నేను హాల్లోకి వచ్చి బూట్లూ సాక్సులూ విప్పేశాను. కళ్లు మూసుకుని ఆవిడ గది గుమ్మం నుంచి బయల్దేరాను. అరికాలి కింద సన్నటి గరుకు. కొంచెం పక్కకి జరిగితే అది పోయి నున్నగా తగిలేది. మళ్లీ వెతుక్కుని గరుకు మీదికి వచ్చేదాన్ని. మలుపు దాకా అలా వెళ్లాను. మేం మెరుపు పెట్టిన చోట కాలు పెట్టేసరికి ఏ గుర్తూ లేదు. కళ్లు సగం తెరిచి చూస్తే కిటికీ వెలుతురు పడి ఆ మూలంతా నీటిమడుగులా ఉంది.

నిమ్మకాయ ఇన్నేళ్లూ రాయిని తిని ఆవిడకి దారి వేసింది. మేం ఒక్క పూటలో దాన్ని చెరిపేశాం. మిగతాదీ అద్దంలా చేస్తే ఆ పెద్దావిడ ఇక మంచం దిగదు.

“మేడమ్‌కి చెప్పాలక్కా,” అన్నాను.

“చెప్పు మరి.”

“నువ్వు చెప్పవా?”

“నాకేం తెల్సని చెప్పాలె? కాళ్లతోని చూసినది నువ్వు. నేను చెప్తే పని ఎగ్గొడుతున్నరనుకుంటది. పో.”

మేడమ్ భోజనాల బల్ల దగ్గర పిల్లల పేపర్లు దిద్దుకుంటోంది. నేను ఎదురుగా నిలబడి, అలవాటుకొద్దీ నేలవంకే చూస్తూ, నాకొచ్చిన కొద్దిపాటి అరబ్బీ, కొద్దిపాటి ఇంగ్లీషు కలిపి చెప్పాను. హజ్జా కళ్లతో నడవడం లేదు, పాదాలతో నడుస్తోంది. మెరవని పట్టీ ఆమె దారి. అది ఉంచాలి. మొదట నసిగాను గాని రాయి గురించి వచ్చేసరికి నా గొంతు నాకే కొత్తగా, గట్టిగా వినిపించింది.

ఆమె వెంటనే ఒప్పుకోలేదు. చుట్టాలొచ్చి హాలు మధ్య పాలిపోయిన చార చూస్తే ఏమనుకుంటారు? తివాచీ పరిస్తే సరిపోదా? తివాచీ అంచు కాలికి తగులుతుందన్నాను. ఆ చార అలాగే ఉంచం, మా మిషన్‌తో మేమే కొత్తగా వేస్తాం, రాళ్ల అతుకుల వెంట తిన్నని అంచుతో కావాలని వేయించుకున్న పట్టీలా ఉంటుంది, చుట్టూ మాత్రం మీరు అడిగిన అద్దమే అన్నాను. ఆమె ఎర్ర పెన్ను మూత పెట్టి అడిగింది.

“నాన్న వేయించిన నేలని చెడగొట్టుకుందని నన్ను అనరు కదా?”

“ఆయన ఈ నేల ఎవరి కోసం వేయించారు?” అన్నాను.

అడగాలని అడిగింది కాదు, నోట్లోంచి వచ్చేసింది. “మా అమ్మ కోసం,” అని ఆమె అరబ్బీలో తనలో తను గొణుక్కుంది. తర్వాత సరే చేయండి అంది.

ఇక అసలు పని. నాన్నకి ఫోన్ చేస్తే, మెరుపు లేని రాయి నూనె పీల్చుకుని పసుపెక్కుతుంది, లోపలికి ఇంకే సీలర్ కొట్టు, పైన పొరకట్టేది వద్దు అన్నాడు. నిమ్మకాయ బదులు ఘాటు లేని సబ్బు నీళ్లు వాడమని గోదావరి ఆవిడకి చెప్పాం. ఏ ప్యాడ్ దగ్గర ఆపాలన్నది మాత్రం నాన్నకీ తెలియదు. మెరవని నేల చేయాలంటే మేం మామూలుగా ఆపే ప్యాడ్ ఒకటుంది. దాంతో ఒక రాయి చేసి కళ్లు మూసుకుని నడిచాను. తెలియలేదు. దానికంటే గరుకుది పెట్టాను. పొడి కాళ్లకి తెలిసింది, నూనె రాసుకుని నడిస్తే తెలియలేదు. అక్క నా జిడ్డు కాళ్లు చూసి, పెండ్లికూతురికి నలుగు పెడుతున్నట్టున్నదని ఏడిపించింది. ఇంకా గరుకుదానికి దిగాను. అప్పుడు నూనె కాళ్లతో కూడా అంచు ఎక్కడుందో స్పష్టంగా తగిలింది. అయినా రాయి చూడ్డానికి బాగానే ఉంది, మబ్బుపట్టిన ఆకాశంలా మెత్తగా. సరే, ఇక్కడే అనుకున్నాను.

అతుకుల వెంట టేపులు వేసి ముందు పట్టీ అంతా చేశాం. నేనే మెరుపు పెట్టిన మూలని మళ్లీ గరుకు చేస్తుంటే మనసు కొంచెం చివుక్కుమంది, ఎందుకంటే అది చాలా బాగా వచ్చిన మెరుపు. తర్వాత రెండు రోజుల్లో మిగతా హాలుకి అద్దం ఎక్కించాం. టేపులు లాగేసరికి తెల్లటి మెరుపు మధ్య మెత్తటి దారి, మలుపు దగ్గర కూడా చెదరని అంచు. మేడమ్ ఫోన్‌తో ఫొటో తీసుకుంది.

పెద్దావిడని ఎవరూ పిలవలేదు. తలుపు తెరిచి ఉంచామంతే. కాసేపటికి ఆవిడ గుమ్మంలోకి వచ్చి, పాదంతో అటూ ఇటూ తడిమింది. అంచు దొరికింది. తర్వాత తడమలేదు. నమాజు మూల దాకా వెళ్లింది, మలుపు తిరిగి వంటగది దాకా వెళ్లింది, అక్కడ యాలకుల గురించి ఏదో గట్టిగా అంది. గోదావరి ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంటూ, “తిట్టేశారండి,” అని మాకు చెప్పింది.

ఆవిడ తిరిగి వచ్చి హాలు మధ్యలో ఆగింది. ఇది ఎవరు వేశారని అడిగింది. అక్క నన్ను ముందుకు తోసింది. పెద్దావిడ నా చెయ్యి తీసుకుని, వేళ్ల చివర్లు తడిమి చూసి, దారి మనం వేసుకోవచ్చన్నమాట అంది. ఆ తర్వాత పెరటి తలుపు వైపు చెయ్యి చాపింది.

“అక్కడిదాకా కూడా వెయ్యి, బిడ్డా.”

మేడమ్ కంగారుపడింది. చూపు పోయాక అమ్మ ఆ తలుపు దాటలేదు, ఎండ, బయటి రాళ్లు ఎగుడుదిగుడు అంది. తల్లి వినిపించుకోలేదు. బయటి రాళ్లు గరుకేనా అని నన్ను అడిగింది. వెళ్లి చూసొచ్చాను. గరుకే, పైగా గట్టిగా ఉన్నాయి, మెట్టు లేదు. అదే చెప్పాను. మేడమ్ నావైపు చూసింది. నేను ఈసారి నేల చూడలేదు. చేస్తాం అన్నాను, అక్క అప్పటికే టేపు విప్పుతోంది.

సాయంత్రానికి ఎండ తగ్గి, కొత్త పట్టీ ఆరింది. పెద్దావిడ దాని మీదుగా తలుపు దాకా వెళ్లి, గడియ కోసం తడుముకుంది. కూతురి చెయ్యి లేచింది, మళ్లీ కిందికి దిగింది. గడియ బిగుసుకుపోయి ఉన్నట్టుంది, చాలాసేపు పట్టింది. తలుపు తెరుచుకున్నాక ఆవిడ బయటికి వెళ్లి నాలుగడుగులు వేసి నిలబడింది. వెనక్కి తిరక్కుండానే, కుర్చీ ఇక్కడ వేయమని లోపలికి చెప్పింది. ఒకటే చాలని కూడా చెప్పింది.