ఎడమవైపు ఎత్తు పెట్టిన గద్దీ

నిన్న వాన వెలిశాక పక్కింటివాళ్లు తడిసిన మోటార్‌సైకిల్ సీటు విప్పి గోడ మీద ఆరబెట్టారు. తడి కొబ్బరిపీచు వాసన కిటికీలోంచి నా గదిలోకి వచ్చింది. రోజంతా మాట్లాడే మనిషి లేని గది ఇది. ఆ వాసనతో పాటు దేవసహాయం గారు వచ్చి కూర్చున్నట్టయింది.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన రోజుల్లో ఖైరతాబాద్‌లో రోడ్ల పని చూసే ఆఫీసులో నేను నకళ్లు రాసే గుమాస్తాను. ఆయన మా ఓవర్సీర్. కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవుడు. భార్య పోయాక అమీర్‌పేటలో మా వీధికి అవతల ఒక్కరే ఉండేవారు. ఒంటి సీటు మోటార్‌సైకిల్ మీద వచ్చి, పని చూసుకొని, అలాగే వెళ్లిపోయేవారు. ఆయనకు మనుషులంటే గిట్టదని ఆఫీసులో అనుకునేవారు. నాకు చిన్నప్పటి జ్వరంతో ఎడమ కాలూ తుంటీ ఎండిపోయాయి. పొద్దున్నే బయలుదేరినా ఆఫీసు చేరేసరికి ఆలస్యమయ్యేది. ఇంకోసారి ఇలా వస్తే పని మానుకోవలసిందేనని పెద్ద గుమాస్తా అందరి ముందూ అన్నాడు. ఆ సాయంత్రం పంజాగుట్ట ఎత్తు దగ్గర దేవసహాయం గారు నా పక్కన బండి ఆపారు.

"రేపు సెలవే కదా. నాతో రా. బండికి వెనక సీటు ఎంచాలి" అన్నారు.

పంజాగుట్టలో టాంగాలకు గద్దీలు, అంటే కూర్చునే మెత్తలు, కుట్టే మల్లయ్య దగ్గరికి వెళ్లాం. సైట్లకు పోయేటప్పుడు వెనక క్యారియర్ మీద కొలత గొలుసుల పెట్టె కట్టాలి కాబట్టి, పట్టీలు విప్పితే ఊడి వచ్చేది కావాలని ఆయన చెప్పారు. మల్లయ్య మూడు గద్దీలు ముందు పెట్టాడు.

"దూదిది మెత్తగుంటది గని నెలకే అణుగుతది. స్ప్రింగులది మస్తుగుంటది, గుంతల పడితె మనిషి ఎగిరి పడ్తడు. గీ కొబ్బరిపీచుది జర గట్టిది, నిలుస్తది" అన్నాడు.

దేవసహాయం గారు నా వైపు తిరిగారు. "కూర్చునేది నువ్వు. ఏది కావాలో చెప్పు."

నేను తొడుక్కునే చొక్కా మా అన్నది. ఉద్యోగం మామ ఇప్పించింది. ఏది కావాలని అప్పటిదాకా నన్నెవరూ అడగలేదు. అన్నిటికంటే పలచగా ఉన్న పీచు గద్దీ చూపించాను. దాన్ని కట్టి ఎర్రమంజిల్ దాకా తిప్పి తీసుకొచ్చారు. గుంత వచ్చినప్పుడల్లా ఎముక ఇనుముకు తగిలినట్టుండేది.

"ఎలా ఉంది?"

"బాగనే ఉన్నది సార్."

"నన్ను సంతోషపెట్టడానికి చెప్పకు. నీకు ఎలా ఉంది?"

ఆయన బండి దిగకుండా, నేను చెప్పేదాకా ఆగారు. చివరికి చెప్పాను. "ఎడమ దిక్కు ఎముక కొడ్తున్నది సార్. అటే ఒరిగిపోతున్న." నా కాలి సంగతి నా నోటితో ఒకరికి చెప్పడం అదే మొదలు.

మల్లయ్య నవ్వలేదు, జాలిపడలేదు. గద్దీని బొటనవేలితో నొక్కి చూశాడు. "గంతేనా? ఎడమ దిక్కు రెండు వేళ్ల మందం ఎక్కువ కూరుత. ఫికర్ జెయ్యకు" అన్నాడు.

ఏడాది పైగా ఆ గద్దీ మీద వెళ్లాను. మళ్లీ ఆలస్యం కాలేదు. దారిలో మేము మాట్లాడుకున్నది తక్కువ. ఒకరోజు మాత్రం వెనక్కి తిరగకుండానే ఆయన అన్నారు: "మా ఆవిడ ఎక్కుతానని అడుగుతుండేది. సీటు చేయిస్తాలే, చేయిస్తాలే అంటూ ఉండిపోయాను."

తరువాత యుద్ధం వల్ల పెట్రోలు దొరకడం మానేసింది. అప్పుడాయన గంట ముందే మా గుమ్మం ముందుకొచ్చి, నా నడకకు తన నడక తగ్గించుకొని నాతో వచ్చేవారు. ఇంకొన్నాళ్లకు దూరపు జిల్లాకు బదిలీ అయింది. రెండు ఉత్తరాలు వచ్చాయి, ఆ పైన రాలేదు. ఆయన వెళ్లిన మర్నాడు పంజాగుట్ట ఎత్తు ఎక్కుతూ ఏదో చెప్పబోయి పక్కకు తిరిగాను. ఎవరూ లేరు.

నేనూ పెద్ద గుమాస్తానై, రిటైరయ్యాను. ఎవరైనా బాగానే ఉందంటే ఆ మాట విని వెళ్లిపోయే అలవాటు నాకు లేదు. కాసేపు ఆగుతాను. ఇప్పుడు నన్ను అడిగేది పాలు పోసే మనిషి ఒక్కడే. "ఎట్లున్నరు సార్?" అంటాడు. బాగనే ఉన్న అంటాను. అతను ఇంకా నిలబడి ఉంటే, ఎక్కడ నొప్పిగా ఉందో చెబుతాను.