మునెమ్మ బిడ్డ ఎందుకు ఏడవలేదు

1946. రేణిగుంటలో హెల్త్ విజిటర్‌గా చేరి ఏడాది దాటింది. బాలింతల ఇళ్ళకు వెళ్ళి పసిబిడ్డలను తూచడం, తల్లులకు మంచీచెడూ చెప్పడం నా పని. ఊరందరికీ ధైర్యం చెప్పేదాన్నే గానీ, ఆరు నెలల నా బిడ్డ తుమ్మితే నాకు గుండె దడ.

చెనక్కాయలు ఒలిచే పనికి పోయే మునెమ్మకు నాలుగు నెలల పాప. ఎప్పుడు వెళ్ళినా కళ్ళు అరమూసి పడుకుని ఉండేది. ఏడుపే లేదు. బిడ్డను పెంచితే ఇలా పెంచాలని వీధి ఆడవాళ్ళందరి ముందూ మెచ్చుకున్నాను. పక్కింటి అవ్వ నవ్వింది. "నర్సమ్మ బిడ్డ నోరు ముయ్యదు, మునెమ్మ బిడ్డ నోరు తెరవదు. మార్చుకోండమ్మా ఇద్దురూ."

నేనూ నవ్వేశాను.

తర్వాతి వారం పాప తూకం పెరగలేదు. ఆ పై వారం తగ్గింది. వెలుతురులో కళ్ళు చూస్తే ప్యూపిల్, అంటే నల్లగుడ్డు మధ్యలోని చుక్క, గుండుసూది మొనంత ఉంది. నల్లమందు గుర్తు అది. పనికి పోయే తల్లులు బిడ్డ నిద్రపోవాలని ఆవగింజంత నాలుకకు రాస్తారు. ఇట్లాగే చేస్తే బిడ్డ నిద్రలోనే పోతుందని కోపంగా అన్నాను.

మునెమ్మ పాప తలమీద చెయ్యి పెట్టింది. "బిడ్డకు పెట్టలేదు నర్సమ్మా. నేనే తింటా ఉండాను."

ఆమెకు ఏడేళ్ళప్పుడు తల్లి వాంతిబేదితో పోయిందట. ఊరివాళ్ళు భయపడి గడప తొక్కలేదు. సాయంకాలం దాకా శవం పక్కన ఒక్కతే కూర్చుంది. ఆ తర్వాత ఉలిక్కిపడి అరుస్తూంటే వాళ్ళ అవ్వ నల్లమందు ఉండ మింగించింది. అదే అలవాటైంది. పనిలో మేస్త్రీ తిట్లు పడిన రోజు రెండు ఉండలు. అది పాలలో బిడ్డకు పోతోంది.

"మానేస్తే మళ్ళా ఆ ఇల్లే కనపడతాది" అంది.

ఒక్కసారిగా మాన్పిస్తే ఇద్దరికీ ప్రాణం మీదికొస్తుందని డాక్టరమ్మ ఆస్పత్రిలో చేర్చుకున్నారు. ఉండను రోజురోజుకూ చిన్నది చేశారు. సాయంకాలం ఒంటరిగా ఉండలేనని మునెమ్మ ముందే చెప్పింది. అందుకని రోజూ నా బిడ్డను చంకనేసుకుని వెళ్ళి ఆమె మంచం మీద కూర్చునేదాన్ని. ఆమె ఒళ్ళంతా చెమటలు పట్టి నా చెయ్యి గట్టిగా పట్టుకునేది.

ఆరో వారానికి పాప తూకం పెరిగింది. ఆరోజే గొంతెత్తి ఏడ్చింది. మునెమ్మకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

"పాలిచ్చినా ఊరుకోలా నర్సమ్మా. ఏం చేసేది?"

"ఎత్తుకో."

"ఎత్తుకునే ఉండాను గదా."

"అంతే మునెమ్మా. నేను చేసేదీ అంతే."

ఇప్పుడు నల్లమందు తినే తల్లి కనపడితే, ఎంత తింటావని అడగడానికి ముందు, చిన్నప్పుడు నిన్నెవరు ఎత్తుకున్నారని అడుగుతున్నాను.